డ్రాయరు లేని కేటలాగు

లైబ్రరీలో పుస్తకాలు పోవడం నాకు కొత్త కాదు. చెదలు తిని పోయినవి చూశాను. వానకు మిద్దె కారి తడిసి పోయినవి చూశాను. బదిలీ మీద వెళ్ళే ఉద్యోగుల సామాన్లతో పాటు లారీ ఎక్కి పోయినవీ చూశాను. పెళ్ళిచూపుల రోజు టీపాయ్ మీద గొప్పగా కనిపించడానికని లావుపాటి పుస్తకాలు తీసుకెళ్ళి మళ్ళీ ఇటు తొంగిచూడని మహానుభావులు కూడా ఉన్నారు. కానీ బీరువాలోని పుస్తకం బీరువాలోనే ఉండగా, నా కళ్ళ ముందే ఒక్కొక్కటిగా మాయమైపోవడం మాత్రం ఉద్యోగం మొత్తంలో ఒకే ఒక్క రోజు చూశాను.

ఇప్పుడు లైబ్రరీల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు కనిపించినప్పుడు "మీ కాలంలో కంప్యూటర్లు లేవు కదా మేడం, హాయిగా ఉండేది" అంటుంటారు. ఉన్నాయర్రా. నా చివరి ఏళ్ళన్నీ వాటితోనే గడిచాయి. ఎంత హాయిగా గడిచాయో ఇది చదివి మీరే తేల్చండి.

నేను తిరుపతిలో పెద్ద లైబ్రరీలో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళలోని శాఖలన్నిటికీ కలిపి ఒకే ఆన్‌లైన్ కేటలాగు పెట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. శ్రీకాళహస్తిలో కూర్చున్న పాఠకుడు గూడూరులో ఏ పుస్తకం ఉందో తన ఫోన్లో చూసుకోవచ్చన్నమాట. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. నాకేమో మౌస్ పట్టుకోవడం కూడా రాదు. మొదటిరోజు తెర మీది బాణాన్ని కుడివైపుకు తోస్తూ తోస్తూ మౌస్‌ను బల్ల చివరిదాకా తీసుకెళ్ళి, "బల్ల అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?" అని అడిగాను. మా ఆపరేటరమ్మాయి మౌస్‌ను ఎత్తి మళ్ళీ బల్ల మధ్యలో పెట్టింది. నవ్వలేదు. నేనైతే పది మందికి చెప్పుకుని నవ్వేదాన్ని.

ఆ అమ్మాయిది నాయుడుపేట వైపు ఊరు. మాకు ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగి. భర్త అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాడు. ఆ పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండేది కాదు. చంకలో బిడ్డ. ఇల్లు గడిచేది ఈ అమ్మాయి జీతం మీదే. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించేవాళ్ళు, పొడిగించే నెల వచ్చిందంటే పాపం సిలువ గొలుసు పట్టుకుని తిరుగుతుండేది. కేటలాగులో కొత్త పుస్తకాలు చేర్చాలన్నా, ఉన్నవి తీసేయాలన్నా అధికారం ఆమె లాగిన్‌కే ఇచ్చారు. ఇచ్చినరోజే పెద్ద అధికారి అందరి ముందూ ఒక మాట అన్నారు. "ఎవరి లాగిన్‌తో నష్టం జరిగితే వాళ్ళే ఇంటికి వెళ్తారు. నాకు కథలు చెప్పొద్దు."

కొన్నాళ్ళకు నాకు పని పట్టుబడింది. పట్టుబడ్డాక తల కూడా బాగానే ఎగిరింది. శాఖల్లోని లైబ్రేరియన్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకే అప్పగించారు. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. నెల క్రితం దాకా బల్ల అయిపోయిందన్న మనిషిని, ఇప్పుడు "అది కూడా తెలియదా?" అని అందరినీ కసరడం మొదలుపెట్టాను.

ఎక్కువగా నా చేత తిట్లు తిన్నది ఒకాయన. శ్రీకాళహస్తి దాటాక నాయుడుపేట దారిలో ఒక చిన్న ఊరి శాఖ ఆయనది. ఒకే గది, ఒకే ఉద్యోగి. తాళం తీసేదీ ఆయనే, ఊడ్చేదీ ఆయనే, పుస్తకం ఇచ్చేదీ ఆయనే. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. ఆయనకు ప్రాణమంతా కార్డుల డ్రాయర్ల మీదే. మీలో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెబుతాను. ఒక్కో పుస్తకానికి ఒక్కో అట్టకార్డు ఉండేది. పాఠకుడు ముందు డ్రాయర్లో కార్డు వెతుక్కుని, తర్వాత బీరువా దగ్గరికి వెళ్ళేవాడు. పుస్తకం చిరిగి బైండింగ్‌కు పంపితే, ఆ కార్డును డ్రాయర్లోంచి తీసి, రబ్బరు బ్యాండు వేసి, లైబ్రేరియన్ బల్ల సొరుగులో పెట్టేవాళ్ళం. కార్డు చూసి ఆశగా వచ్చిన మనిషికి లేదని చెప్పి పంపడం ఎందుకని. పుస్తకం తిరిగి వచ్చినరోజు కార్డు మళ్ళీ దాని చోటికి వెళ్ళేది. అందరం చేసేవాళ్ళం గానీ ఆయనంత నిష్ఠగా ఎవరూ చేసేవాళ్ళు కాదు.

శిక్షణ రోజు ఆయన వెనక బెంచీలో గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లాగిన్ తెరవడానికి రావాల్సిన ఓటీపీ నంబరు ఎప్పుడో వదిలేసిన పాత సిమ్‌కు వెళ్ళింది. అది మార్చాలంటే పైకి రాయాలి, పై నుంచి జవాబు రావాలి. మధ్యలో ఆయన ఫోన్ మోగుతూనే ఉంది, మోగినప్పుడల్లా ఎత్తుతూనే ఉన్నారు, ఎత్తినప్పుడల్లా మోచెయ్యి కీబోర్డు మీద ఆనుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండి అందరి ముందూ అనేశాను: "అన్నా, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఫోన్ ఆపి పక్కన పడేయ్. మనసు పని మీదే ఉండాల."

ఆయన బుద్ధిగా తలూపారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆపరేటరమ్మాయి జాలిపడి, ఆయనకు సొంత లాగిన్ వచ్చేదాకా వాడుకోమని తన లాగిన్ చెప్పి, ఎక్కడ నొక్కాలో బొమ్మ గీసి ఇచ్చింది. నాకు తెలుసు. నేను వద్దనలేదు.

తర్వాత చాలా రోజులు ఆయన శాఖ నుంచి ఉలుకూ పలుకూ లేదు. అన్ని శాఖల పేర్ల పక్కనా చేసిన పని అంకెల్లో కనిపిస్తుంటే ఆయన పేరు పక్కన సున్నా. ఒకరోజు ఫోన్ చేసి, "తెర మీద నీ సున్నా చూడలేక నా కళ్ళు పోతా ఉండాయన్నా" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "వచ్చే వారంలో సేస్తానమ్మా. సూడు నువ్వే" అన్నారు.

ఆ వచ్చే వారంలో ఒక పొద్దున, లైబ్రరీ తెరిచిన కాసేపటికే గూడూరు శాఖ నుంచి ఫోన్. అక్కడి లైబ్రేరియన్ సగం నవ్వుతూ, సగం విసుక్కుంటూ అడిగాడు.

"అక్కా, పుస్తకం నా సేతిలో ఉండాది. కంప్యూటరేమో అట్లాంటి పుస్తకమే లేదంటా ఉండాది. నేను దేన్ని నమ్మేది?"

నేను నవ్వి, సరిగ్గా చూడమని చెప్పబోతుండగా వెనక నుంచి ఆపరేటరమ్మాయి పిలిచింది. గొంతు అదోలా ఉంది.

"మేడం, ఒకసారి ఇట్ల రాండి. పుస్తకాలు తగ్గతా ఉండాయి."

వెళ్ళి చూశాను. తెర పైన ఒక మూల మొత్తం పుస్తకాల సంఖ్య కనిపిస్తుంటుంది. ఆ అమ్మాయి పేజీని మళ్ళీ తెరిచింది. సంఖ్య తగ్గింది. మళ్ళీ తెరిచింది. ఇంకా తగ్గింది. ఇద్దరం ఏ మీటా ముట్టుకోకుండా చూస్తున్నాం, అది తగ్గుతూనే ఉంది.

సాఫ్ట్‌వేర్ చూసే ఆయనకు ఫోన్ చేశాం. ఆయన కాసేపు చూసి, "ఎవరో తీసేస్తున్నారు మేడం. మీ ఆపరేటర్ లాగిన్‌తోనే జరుగుతోంది" అన్నాడు.

"నేను ఈడే ఉండాను కదా సార్!" అంది ఆ అమ్మాయి. ఫోన్లో మనిషికి కనిపిస్తాయా కనిపించవా అన్నది కూడా మరిచిపోయి రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "నేనేమీ ముట్టుకోలే."

"రెండు చోట్ల తెరిచి ఉందమ్మా. ఒకటి మీ దగ్గర. రెండోది..." అని ఒక ఊరి పేరు చదివాడు. శిక్షణలో నా తిట్లు తిన్న పెద్దాయన శాఖ ఉన్న ఊరు.

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఏడాదికోసారి బైండర్ వచ్చే వారం అది. పెద్దాయన బైండింగ్‌కు పంపే పుస్తకాల కార్డులు తీస్తున్నారు. అలవాటు ప్రకారం, నిష్ఠగా, ఒక్కటి కూడా వదలకుండా. కొత్త కేటలాగులో ఒక పుస్తకానికి ఉండేది అన్ని శాఖలకూ కలిపి ఒకే కార్డు. ఆయన తన శాఖలోని చిరిగిన కాపీ ఒక్కటే పక్కన పెడుతున్నానని అనుకుంటున్నారు. అక్కడ ఆయన మీట నొక్కినప్పుడల్లా గూడూరులో, నాయుడుపేటలో, తిరుపతిలో, అన్నిచోట్లా ఆ పుస్తకం లేకుండా పోతోంది. పైగా బైండింగ్‌కు వెళ్ళేవి ఏవి? జనం చేతుల్లో నలిగి నలిగి చిరిగినవి. అంటే మా పాఠకులు ఎక్కువగా అడిగేవన్నీ వరసగా పోతున్నాయి.

వెంటనే పాస్‌వర్డ్ మార్పించాను. సంఖ్య తగ్గడం ఆగలేదు.

"ఇంట్లో ఉన్న మనిషిని వాకిలి తాళం మార్చి ఆపలేం మేడం. ఆయనంతట ఆయన బయటికి రావాలి" అన్నాడు సాఫ్ట్‌వేర్ ఆయన.

"మీరే బయటికి పంపలేరా?"

"పంపగలను. దానికి పైనుంచి అనుమతి తీసుకోవాలి. ఎవరి లాగిన్, ఏం జరిగింది అన్నీ రాసి పంపాలి. అప్పుడు అమ్మాయి పేరు వస్తుంది." మళ్ళీ తనే అన్నాడు. "నిన్న సాయంత్రం తీసిన కేటలాగు నకలు నా దగ్గర ఉంది. ఆయన ఆపితే, మిగతా శాఖలవాళ్ళు కూడా కాసేపు ఏమీ ముట్టుకోకుండా ఉంటే, నిన్న ఎలా ఉందో అలా పెట్టేయగలను. కానీ ఆయన ఆపాలి. మూడింటికి మీటింగ్ ఉంది, మరిచిపోకండి."

మరిచిపోవడమా? ఆ రోజు మధ్యాహ్నం పెద్ద అధికారి అన్ని శాఖలతో వీడియో మీటింగ్ పెట్టారు. అందులో కేటలాగు తెరిచి చూపించి, మర్నాటి నుంచి పాఠకులకు వదులుతున్నామని చెప్పబోతున్నారు. ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే ఉంది.

పెద్దాయనకు ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్. శ్రీకాళహస్తిలో వాళ్ళింటికి చేస్తే ఆయన భార్య ఎత్తింది.

"ఈ పొద్దు కంప్యూటర్లో ముక్కెమైన పనంటమ్మా. దేవుడికి దండం పెట్టుకోని మరీ పోయినాడు. ఫోన్ ఆపి పెట్టుకోమని నువ్వే సెప్పినావంట కదా?"

ఫోన్ పెట్టేశాను. ఆ ఊరి సచివాలయంలో తెలిసిన ఉద్యోగి ఒకరుంటే చేశాం. ఆయన సర్వేకని పొలాల మీద ఉన్నాడట. ఆ అమ్మాయి మెల్లగా, "మేడం, పైకి సెప్పేద్దామా? నేనే సెప్తా. ఇంకా పోతే ఇంకా తప్పు కదా" అంది. ఏడవడం లేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది.

"నువ్వు కదలొద్దు. శాఖలన్నిటికీ ఫోన్ చేసి ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని చెప్పు. నేను పోతా ఉండా" అని చేతిసంచీ తీసుకుని బస్టాండుకు పరిగెత్తాను. నా ఒంటికి పరిగెత్తడమంటే ఏమిటో చూసినవాళ్ళకు తెలియాలి.

బస్సు రేణిగుంట దాకా బాగానే పోయింది. అక్కడి నుంచి నత్తనడక. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని నేను లోపల్లోపల తిట్టుకుంటూ ఉన్నాను. ఆయన్ను, ఆ సాఫ్ట్‌వేర్‌ను, నన్ను. ఇంతలో ఫోన్ మోగింది.

"మేడం, వంటల పుస్తకాలు పోయినాయి."

"శాఖలవాళ్ళు?"

"అందరూ ఆపేసినారు. నాయుడుపేట వాళ్ళు ఎందుకని అడిగినారు, ఏమీ సెప్పలే." కాసేపటికి మళ్ళీ. "పోటీపరీక్షలవి పోతా ఉండాయి మేడం. ఈసారి బిరీన పోతా ఉండాయి. ఆయనకు అలవాటైనట్టుండాది."

ఆ మాటకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. నెలల తరబడి ఆయనకు రాదు రాదు అని తిట్టాను. ఇప్పుడు వచ్చేసింది.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజలకు వచ్చిన కార్లతో దారంతా నిండిపోయింది. బస్సు ఆగిపోయింది. దిగి నడిచాను. నాయుడుపేట దారిలో షేర్ ఆటో దొరికింది, కానీ అది నిండితేగానీ కదలదు. డ్రైవరు తాపీగా పాన్ నములుతూ, "ఇంకో నలుగురు రానీమ్మా" అన్నాడు. "ఆ నలుగురూ నేనే అనుకో, పోనీ నాయనా" అన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. దారిలో మళ్ళీ ఫోన్.

"పిల్లల కథలు మేడం" అంది ఆ అమ్మాయి. అంతే. తర్వాత ఇక చేయలేదు. చేయకపోవడం ఇంకా భయంగా ఉంది.

లైబ్రరీ ముందు ఆటో ఆగేసరికి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు పేపరు పంచుకుని చదువుతున్నారు. లోపల కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పక్కన పురికొసతో కట్టిన చిరుగు పుస్తకాల కట్టలు, బైండర్ కోసం సిద్ధంగా. పెద్దాయన కళ్ళజోడు ముక్కు చివరికి దింపుకుని, ఒక పుస్తకం అట్ట తిప్పి చూసి, తెర వైపు చూసి, వేలు మీట మీదకు తెస్తున్నారు.

"ఆపన్నా!" అని అరిచి వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను.

బయట పేపరు చప్పుడు ఆగిపోయింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "ఏమ్మా? కరెంటు కొడతాదా?"

కుర్చీలో కూలబడ్డాను. ఆయన లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చి, నా మొహంలోకి చూసి, మెచ్చుకోడానికే ఇంతదూరం వచ్చానని అనుకున్నారేమో, నెమ్మదిగా నవ్వారు.

"సూడమ్మా. పొద్దున్నుంచి కూసున్నా. ఒక్కటి గూడా తప్పు పోలేదు. కట్టలో ఉండేటివన్నీ తీసేసినా. ఇంక ఈ కట్ట ఒకటే మిగిలుండాది."

ఈసారి తిట్టలేదు. జరిగింది చెప్పాను. మామూలుగా ఆయనకు ఏదైనా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఆ రోజు ఒకసారికే అర్థమైంది.

"అయితే అవి యాడికి పోయినాయమ్మా?"

"యాడికీ పోలేదన్నా. లేవు, అంతే."

"అదేం మాట? తీసినాక ఏదో ఒక డ్రాయర్లో పడాల కదా. ఏ డ్రాయర్లో ఉండాయో సెప్పు. ఇప్పుడే కూసోని మళ్ళా పెట్టేస్తా."

"ఇందులో డ్రాయరు లేదన్నా."

ఆయన తెర వైపు చూశారు. తర్వాత తన బల్ల సొరుగు లాగి చూశారు. అందులో రబ్బరు బ్యాండ్లు కట్టగా ఉన్నాయి, కార్డుల్లేవు. దాన్ని మూసి మళ్ళీ తెర వైపు తిరిగారు.

"అది అడిగిందమ్మా" అన్నారు. "ఖాయమా అని ప్రతిసారీ అడిగింది. ఖాయమేనని నేనే నొక్కినా. ఎంత మర్యాదగా అడగతాందో అనుకున్నా." ఉన్నట్టుండి తలెత్తారు. "ఇదంతా ఆ పాప పేరుతోనే కదా నేను సేసింది?"

అవునన్నాను. ఆయన కుర్చీ పట్టుకుని కూర్చున్నారు.

ఆయన్ను ఆ లాగిన్‌లోంచి బయటికి రప్పించి, సాఫ్ట్‌వేర్ ఆయనకు చెప్పాను. పని మొదలుపెట్టాడు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన తెచ్చుకున్న క్యారియర్ తెరవలేదు, నన్ను తినమని కూడా అడగలేదు. ఎంతో సేపటికి ఫోన్ మోగింది. "వస్తా ఉండాయి మేడం!" అంది ఆ అమ్మాయి. "పిల్లల కథలు వచ్చినాయి. వంటలవి వచ్చినాయి." అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను.

మూడు కావస్తోంది. తిరుపతికి వెనక్కి వెళ్ళే సమయం లేదు. ఆ బొట్టు పెట్టిన కంప్యూటర్ ముందే ఇద్దరం మీటింగ్‌కు కూర్చున్నాం. తెరంతా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో శాఖ. తిరుపతి గడిలో ఆపరేటరమ్మాయి ఒక్కతే. మొహం కడుక్కుని వచ్చినట్టుంది. గండం గడిచిందనుకున్నాను.

పెద్ద అధికారి కేటలాగు తెరిచి చూపించారు. పుస్తకాలన్నీ ఉన్నాయి. బాగుందన్నారు. తర్వాత ఒక కాగితం చేతిలోకి తీసుకున్నారు. ఏ రోజు ఎవరు ఏం తీసేశారో ఆ కంప్యూటరే ఆయనకు మెయిల్ పంపుతుందని మాలో ఒక్కరికీ తెలియదు.

"పొద్దున ఇన్ని పుస్తకాలు తీసేసి, మధ్యాహ్నం మళ్ళీ పెట్టారు. నాకు చెప్పకుండా. లాగిన్ తిరుపతి ఆపరేటర్‌ది. ఏమ్మా, ఏం జరిగింది?"

ఆ అమ్మాయి లేచి నిలబడింది. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. పెద్దాయన పేరు చెప్పాలి, లేదా తనే మోయాలి.

నా పక్కన పెద్దాయన లేచి నిలబడ్డారు. చేతులు జోడించి మాట్లాడడం మొదలుపెట్టారు. తానే చేశానని, పాపకు ఏమీ తెలియదని, జాలిపడి దారి చూపిస్తే తాను ఇట్లా చేసినానని, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కార్డులు అట్లాగే తీసేవాణ్ణని, డ్రాయరు ఉంటాదనుకున్నానని, శిక్ష తనకే వేయాలని. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అంతా చెప్పి, కండువాతో మొహం తుడుచుకుని కూర్చున్నారు. "సెప్పేసినానమ్మా" అన్నారు నాతో. కొండ దిగినట్టుంది ఆ మొహం.

తెర మీద అధికారి కాగితం మడుస్తున్నారు. "సరే. సమాధానం లేదన్నమాట. ఆ కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

"ఏందమ్మా ఇది? నేను సెప్పింది లెక్కలోకే తీసుకోలేదా?" అన్నారు పెద్దాయన.

అప్పుడు చూశాను. మా గడి మూలన మైకు గుర్తు మీద ఎర్రగీత. ఆయన అంత కష్టపడి చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా ఎవరికీ వినపడలేదు.

నిజం చెబుతాను. నా నోరు వెంటనే పెగల్లేదు. రిటైర్మెంటు ముందు మెమో పడితే పెన్షను కాగితాలు ఎన్ని బల్లల చుట్టూ తిరుగుతాయో నాకు తెలుసు. ఆయనకు తెలియదు. ఊరుకుంటే ఆయన చెప్పినట్టే ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. ఆ ఆలోచనలో తిరుపతి గడి వైపు చూశాను. ఆ అమ్మాయి అధికారి వైపు చూడడం లేదు. మా గడి వైపే చూస్తోంది. ఆయన పెదవులు కదలడం, చేతులు జోడించడం అన్నీ చూసింది. ఆయన ఏం చెప్పారో ఆమెకు తెలిసిపోయింది. అయినా, మైకు తీయమని గానీ, ఆయన్ను అడగమని గానీ ఒక్క మాట అనలేదు.

"వాళ్ళకు వినపడలేదన్నా" అన్నాను.

"అంతా సెప్పినానే?"

"మైకు ఆపుండాది."

ఆయన నన్నూ తెరనూ మార్చి మార్చి చూశారు. ఒకసారి చెప్పడానికి కూడగట్టుకున్న ధైర్యమంతా అయిపోయిందని ఆ మొహమే చెబుతోంది. "మళ్ళా సెప్పాల్నా?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

నేను మౌస్ మీద చెయ్యి పెట్టాను. ఆయన నా చెయ్యి పక్కకు జరిపారు.

"నువ్వొద్దు. యాడుండాదో సూపీ. నేనే నొక్కుతా."

చూపించాను. పొద్దున్నుంచి తడుముకోకుండా నొక్కిన వేలు ఇప్పుడు మౌస్ మీద తడుముకుంటోంది. బాణం గుర్తు రెండుసార్లు పక్కకు జారింది. మూడోసారి కుదిరింది. ఈసారి ఖాయమా అని ఎవరూ అడగలేదు. ఎర్రగీత పోయింది.

"సార్, తీసింది నేను. పాప కాదు" అన్నారు పెద్దాయన. "బైండింగుకు పోయేటివి కార్డు తీసినట్టు తీసినా. డ్రాయర్లో పడతాయనుకున్నా సార్."

ఎవరో ఒకరు మైకు ఆపకుండా ఫక్కున నవ్వారు. ఆ నవ్వు అన్ని ఊళ్ళకూ వినిపించింది. పెద్దాయన తల దించలేదు. అధికారి మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "బైండింగ్‌కు వెళ్ళిన పుస్తకాన్ని ఇందులో ఎక్కడ పెట్టాలి?" అని సాఫ్ట్‌వేర్ ఆయన్ను అడిగారు. "అలాంటి చోటు లేదు సార్. ఉంది, లేదు. రెండే" అని జవాబు వచ్చింది. శిక్షణ ఇచ్చిన మనిషిని నేనే కదా, ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా ఎందుకు తట్టలేదా అనుకుంటూ నోరు మూసుకుని కూర్చున్నాను.

అంతా సుఖాంతం అనుకోకండి. పెద్దాయనకు మెమో వచ్చింది. నాకూ వచ్చింది. లాగిన్ పంచుకున్నందుకు ఆ అమ్మాయికి హెచ్చరిక వచ్చింది, కాంట్రాక్టు మాత్రం పొడిగించారు. ఆయన పెన్షను కాగితాలు నేను భయపడినట్టే బల్లల చుట్టూ తిరిగాయి. ఆ అమ్మాయి తీరిక దొరికినప్పుడల్లా ఆ కాగితం ఏ బల్ల దగ్గర ఆగిందో ఆన్‌లైన్లో చూసి ఆయనకు ఫోన్ చేసి చెబుతుండేది. కొన్నాళ్ళకు కేటలాగులో మూడో మాట ఒకటి చేరింది.

మీరు నాకంటే వేగంగా నేర్చుకుంటారు. అందులో సందేహం లేదు. మీ పక్కన నెమ్మదిగా నేర్చుకునే మనిషి ఉంటే మాత్రం, తప్పు మీట నొక్కాడని కసిరే ముందు, ఆ మీట గురించి ఆయన ఏమనుకుంటున్నాడో ఒకసారి అడగండి. నేను అడగలేదు.

ఈ మధ్య ఒక పుస్తకం కావాలని పాత లైబ్రరీకి వెళ్ళాను, మామూలు పాఠకురాలిగా. ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. తెర చూసి, "బైండింగ్‌కు పోయుండాది మేడం, వస్తాది" అంది. తెర నా వైపు తిప్పి చూపించింది. ఆ మాటే రాసి ఉంది. బయటికొచ్చి పెద్దాయనకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. ఫోన్ కట్టయిందేమోనని చెవి నుంచి తీసి చూసుకున్నాను కూడా.

"మంచిదమ్మా" అన్నారు ఆయన చివరికి. "ఆ పాపను బాగుండమని సెప్పినానని సెప్పు." తర్వాత, ఆ మీటింగ్ రోజు నుంచి ప్రతి మాట చివరా అడిగినట్టే, ఆత్రంగా అడిగారు.

"వినపడిందామ్మా, నేను సెప్పింది?"

"వినపడిందన్నా" అన్నాను.